హవారీల నాటి యూద సమాజం

హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) బనీ ఇస్రాయీల్ వైపుకు పంపబడిన ప్రవక్త అని దివ్య ఖుర్ఆన్ స్పష్టంగా తెలుపుతున్నది. ఆయన తనకు ముందున్న తౌరాత్‌ను ధ్రువపరచేవారుగా వచ్చారనీ, వారిపై నిషేధించబడిన వాటిలో కొన్నింటిని ధర్మసమ్మతం చేయటం కూడా ఆయన పనుల్లో ఒకటనీ ఆలి ఇమ్రాన్ సూరా చెబుతుంది. ఈ సంగతి ముస్లిం పాఠకులందరూ ఎరిగినదే. అయితే ఆ బనీ ఇస్రాయీల్ ఆ కాలంలో ఏ భాష మాట్లాడేవారు, ఆరాధన ఎక్కడ జరిపేవారు, ఏ విషయాలపై తమలో తాము వాదించుకునేవారు, వారిపై ఎవరి అధికారం నడిచేది అన్న ప్రశ్నలు సాధారణంగా ఎవరూ వేసుకోరు. ఫలితంగా, హవారీలు రాత్రికి రాత్రే యూదుల నుండి విడిపోయి ఒక కొత్త మతాన్ని స్థాపించుకున్నారన్న భావం క్రైస్తవ రచనల నుండి ముస్లిం రచనల్లోకి కూడా యథాతథంగా వచ్చి చేరింది. లభ్యమైన చారిత్రక ఆధారాలు మాత్రం వేరు సంగతి చెబుతున్నాయి. ఈసా (అ) తొలి అనుచరులు యూదులుగానే జీవించారు. యూదుల ధర్మశాస్త్రం లోపల నిలిచే వాదించారు. వారు వేరు పడటానికి ఒక తరం కాదు, కొన్ని తరాలు పట్టింది. అందుకు కారణాలు కూడా తేదీలతో సహా చెప్పగలిగినవే.

ఆ సమాజపు పూర్వ చరిత్రను క్లుప్తంగా చూడవచ్చు. క్రీ.పూ. 539లో పారశీక చక్రవర్తి సైరస్ బబులోనును జయించి, అక్కడ చెరలో ఉన్న యూదులను స్వదేశానికి వెళ్ళనిచ్చాడు. క్రీ.పూ. 515 ప్రాంతంలో జెరూసలేంలో ఆలయం (హైకల్) తిరిగి నిలిచింది. అలెగ్జాండర్ దండయాత్ర తర్వాత దేశం గ్రీకు రాజుల పాలైంది. వారిలో నాలుగవ ఆంటియోకస్ క్రీ.పూ. 167లో ఆలయాన్ని అపవిత్రం చేసి, సున్నతిని, సబ్బాతు దినాచరణను నిషేధించాడు. పంది మాంసం తినమని నిర్బంధించినప్పుడు తినక ప్రాణాలు విడిచిన వారి గాథలు యూదుల ఇళ్ళలో తరతరాలు చెప్పుకునేవారు. మక్కబీ సోదరులు తిరుగుబాటు చేసి క్రీ.పూ. 164లో ఆలయాన్ని శుద్ధి చేయించారు. సున్నతి, సబ్బాతు, ఆహార నియమాలు ఆ జాతి దృష్టిలో తాతలు నెత్తురు ధారపోసి నిలుపుకున్న ఆనవాళ్ళు. రెండు వందల ఏళ్ళ తర్వాత అంతియొకయలో భోజనాల బల్ల దగ్గర జరిగిన కలహం అంత తీవ్రంగా ఎందుకు నడిచిందో అర్థం కావాలంటే ఈ నేపథ్యం గుర్తుండాలి.

క్రీ.పూ. 63లో రోమన్ సేనాని పాంపే జెరూసలేంను పట్టుకున్నాడు. క్రీ.పూ. 37 నుండి 4 వరకు రోమ్ అండతో హేరోదు రాజ్యమేలాడు. క్రీ.శ. 6 నుండి యూదయ ప్రాంతం నేరుగా రోమన్ అధికారుల కిందికి వచ్చింది. వారిలో పిలాతు 26 నుండి 36 వరకు పదవిలో ఉన్నాడు. అతని పేరు చెక్కిన రాయి ఒకటి 1961లో కైసరయ త్రవ్వకాల్లో బయటపడింది. ఈ పాలనలో ప్రధాన యాజకుణ్ణి నియమించేదీ తొలగించేదీ రోమన్ అధికారే. ప్రధాన యాజకుని పండుగ వస్త్రాలు సైతం చాలాకాలం రోమన్ కాపలాలో ఉండేవి. పండుగ వచ్చినప్పుడల్లా వాటిని అడిగి తెచ్చుకోవలసి వచ్చేది.

ఆలయం, సమాజమందిరం

ఈనాడు మస్జిదె అఖ్సా, కుబ్బతుస్సఖ్రా ఉన్న విశాల ప్రాంగణం సుమారు 35 ఎకరాలు. ఆ వేదికను అంతగా విస్తరించి గోడలు కట్టించినవాడు హేరోదు. క్రీ.పూ. 20 ప్రాంతంలో పని మొదలైంది. యాజకులు ఇరవై నాలుగు తరగతులుగా ఏర్పడి, తరగతికి ఒక వారం చొప్పున వంతుల ప్రకారం సేవ చేసేవారు. హజ్రత్ జకరియ్యా (అ) ఇటువంటి ఒక తరగతికి చెందిన యాజకుడని లూకా సువార్త చెబుతుంది. మర్యమ్ (అలైహస్సలాం) తల్లి తన బిడ్డను దైవసేవకు అంకితం చేయటం, మిహ్రాబ్‌లో జకరియ్యా (అ) ఆమెను చూడ వచ్చినప్పుడల్లా అక్కడ ఆహారం కనిపించటం ఖుర్ఆన్ పాఠకులకు తెలిసిన విషయాలే. ఆ వృత్తాంతానికి నేపథ్యం ఈ ఆలయమూ, ఈ వంతుల సేవా.

ప్రపంచంలో ఎక్కడున్న యూదుడైనా, వయసు వచ్చిన పురుషుడు, ఏటా అర షెకెల్ వెండి ఆలయానికి పంపవలసి ఉండేది. పండుగలకు దూరదేశాల నుండి యాత్రికులు తరలివచ్చేవారు. బయటి ఆవరణలోకి యూదేతరులు కూడా రావచ్చు. లోపల ఒక రాతి కటకటాల హద్దు ఉండేది. ఆ హద్దు దాటిన పరజాతివాడు తన చావుకు తానే బాధ్యుడని గ్రీకు భాషలో చెక్కిన హెచ్చరిక శిలలు అక్కడ నిలబెట్టారు. వాటిలో చెక్కుచెదరని ఒక శిల 1871లో దొరికింది. ఆనాడు ఆ దేశం ఉస్మానియా సల్తనత్‌లోనిది కనుక శిల ఇస్తాంబుల్ చేరి, నేటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. పౌలు ఒక గ్రీకువాణ్ణి ఈ హద్దు దాటించి లోపలికి తెచ్చాడన్న అనుమానంతోనే ఆలయంలో అల్లరి చెలరేగి అతను నిర్బంధానికి గురయ్యాడని ‘అపొస్తలుల కార్యములు’ తెలుపుతుంది. ఆ గ్రంథం చదివేవారికి రాయీ, కథా పక్కపక్కన నిలుస్తాయి.

ఆలయం ఒక్కటే. సమాజమందిరాలు మాత్రం ఊరూరా ఉండేవి. 1913లో జెరూసలేంలో ఒక పాత నీటి తొట్టిలో దొరికిన పది పంక్తుల గ్రీకు శాసనం ఈ విషయంలో చాలా విలువైనది. థియోడోటస్ అనే యాజకుడు, సమాజమందిరపు అధ్యక్షుడు, ఆ మందిరాన్ని కట్టించాడని అందులో ఉంది. అతని తండ్రి, తాత కూడా అదే పదవిలో ఉన్నవారు. మందిరం దేనికి కట్టారో కూడా శాసనం చెబుతుంది. ధర్మశాస్త్రం చదవటానికి, ఆజ్ఞలు బోధించటానికి. దాంతోపాటు పరదేశం నుండి వచ్చి అవసరంలో ఉన్నవారి కోసం బస, గదులు, నీటి వసతి ఏర్పాటు చేశారు. మస్జిదు, మదరసా, ముసాఫిర్ ఖానా ఒకే ఆవరణలో చూసిన వారికి ఈ ఏర్పాటును వివరించనవసరం లేదు. ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉంది. ఈ మందిరం ఉన్నది జెరూసలేంలో, శాసనం ఉన్నది గ్రీకులో. అంటే ఆ నగరంలో గ్రీకు మాట్లాడే యూదులు తగినంత మంది ఉండేవారు. గలిలయ పల్లెల్లో అరమాయికం వాడుక భాష. తౌరాత్ హెబ్రూలో ఉంది. అలెగ్జాండ్రియా యూదులు క్రీ.పూ. 3వ శతాబ్దం నాటికే దాన్ని గ్రీకులోకి మార్చుకోసాగారు. ఈసా (అ) సందేశం అరమాయికంలో వినిపించి, గ్రీకు గ్రంథాల్లో మిగలటానికి దారి అప్పటికే ఏర్పడి ఉంది.

హెబ్రూ, అరమాయిక భాషలు అరబీకి తోబుట్టువులు. వారి ‘షాలోమ్’ సలామ్. వారి ‘త్సోమ్’ సౌమ్. వారి ‘త్సెదకా’ సదఖా. వారి ‘కొర్బాన్’ ఖుర్బాన్. మాట ఒకటైనంత మాత్రాన ఆచారం ఒకటి కాదు కాని, ఆ లోకం ముస్లిం పాఠకునికి పూర్తిగా పరాయిది కాదని దీనివల్ల తెలుస్తుంది. శుద్ధి నియమాల పట్ల వారికున్న పట్టుదల కూడా త్రవ్వకాల్లో బయటపడింది. మునిగి శుద్ధి పొందటానికి రాతిలో మెట్లతో తొలిచిన కుండాలు వందల సంఖ్యలో దొరికాయి. మట్టిపాత్రకు అశుద్ధి అంటుతుంది, రాతిపాత్రకు అంటదు అన్నది వారి నియమం. అందుకే ఆ శతాబ్దపు యూద నివాసాల్లో సున్నపురాతి గిన్నెలు, కప్పులు విరివిగా కనిపిస్తాయి.

పరిసయ్యులు ఎవరు

జోసీఫస్ అనే యూద చరిత్రకారుడు (జననం క్రీ.శ. 37) తన జాతిలోని వర్గాలను వర్ణించాడు. సద్దూకయ్యులు యాజక, ధనిక కుటుంబాలవారు. లిఖిత ధర్మశాస్త్రాన్ని తప్ప పెద్దల సంప్రదాయాన్ని ఒప్పుకోరు. మరణానంతర పునరుత్థానాన్ని అంగీకరించరు. పరిసయ్యులు పునరుత్థానాన్ని, ప్రతిఫల దినాన్ని విశ్వసిస్తారు. తౌరాత్‌తో పాటు గురుపరంపరగా వచ్చిన వ్యాఖ్యానాన్ని ప్రమాణంగా తీసుకుంటారు. వీరి సంఖ్య ఆరు వేలకు పైగా అని అతనంటాడు. ఎస్సీనులు నాలుగు వేలకు పైబడిన వారు, ఉమ్మడి జీవితం గడిపేవారు. ఇవికాక రోమ్‌కు పన్ను కట్టటమే అల్లాహ్ తప్ప మరొకరిని ప్రభువుగా ఒప్పుకోవటమని వాదించే తిరుగుబాటు వర్గమొకటి ఉండేది. సాధారణ ప్రజలు చాలావరకు ఏ వర్గంలోనూ సభ్యులు కారు. వారికి పరిసయ్యుల మాటపై గౌరవం ఎక్కువ.

సువార్తల్లో పరిసయ్యుల పట్ల కటువైన మాటలున్నందువల్ల ‘పరిసయ్యుడు’ అంటే వేషధారి అన్న అర్థం క్రైస్తవ లోకంలో స్థిరపడింది. ముస్లిం రచయితలు కొందరు దీన్ని పరీక్షించకుండానే స్వీకరించారు. ఇది న్యాయం కాదు. పునరుత్థానం విషయంలోనూ, ప్రతిఫల దినం విషయంలోనూ, మలాయికాల విషయంలోనూ ఈసా (అ) బోధ ఏ వర్గానికి దగ్గర అని చూస్తే పరిసయ్యులకే దగ్గర. దగ్గరివారి మధ్యనే వాదం ఎక్కువ. ఒకే షరీఅత్‌ను అంగీకరించిన వారు దాని వివరాలపై ఎంత గట్టిగా వాదించుకోగలరో ఫిఖహ్ చరిత్ర తెలిసిన వారికి కొత్తగా చెప్పవలసిన పని లేదు.

ఒకటి రెండు ఉదాహరణలు చాలు. ఏ కారణం చేతనైనా భార్యకు విడాకులివ్వవచ్చా అని పరిసయ్యులు ఈసా (అ)ను ప్రశ్నించినట్లు మత్తయి సువార్త 19వ అధ్యాయంలో ఉంది. నేపథ్యం తెలియని వారికి ఇది ఆయన్ను ఇరికించటానికి పుట్టించిన వింత ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి అది ఆనాటి పండితుల మధ్య బాగా నలిగిన చర్చ. నడవడి దోషం ఉంటే తప్ప విడాకులు కూడదని షమ్మాయి శిష్యులు, వంట మాడ్చినా ఇవ్వవచ్చునని హిల్లేల్ శిష్యులు వాదించినట్లు క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలనమైన ‘మిష్నా’ చెబుతుంది. ప్రశ్న అర్థం, మీరు ఏ పక్షం అని. మత్తయి నమోదు చేసిన జవాబు షమ్మాయి పక్షానికి దగ్గరగా ఉంటుంది.

రెండవది సబ్బాతు గురించి. సబ్బాతు నాడు గొర్రె గుంటలో పడితే మీలో ఎవడు దాన్ని పైకి తీయడు అని ఈసా (అ) అడిగినట్లు అదే సువార్త 12వ అధ్యాయంలో ఉంది. అందరూ తీస్తారన్న నమ్మకం మీదనే ఆ వాదన నిలుస్తుంది. కాని తీయకూడదన్న యూదులు కూడా ఉండేవారు. ‘డమాస్కస్ పత్రం’ అని పిలిచే ఒక వర్గపు నియమావళి, సబ్బాతు నాడు గుంటలో పడిన పశువును పైకి తీయరాదని శాసిస్తుంది. ఈ పత్రం 19వ శతాబ్దం చివర కైరోలోని ఒక పురాతన సమాజమందిరపు పాత కాగితాల గదిలో మొదట దొరికింది. దాని ఇంకా పాత ప్రతుల ముక్కలు మృతసముద్ర తీరాన లభించాయి. అంటే ఈసా (అ) వాదిస్తున్నది ధర్మశాస్త్రాన్ని కొట్టివేయటానికి కాదు. తన శ్రోతలు ఇదివరకే ఒప్పుకున్న సడలింపును చూపి, పశువుకున్న దయ మనిషికి ఉండదా అని అడుగుతున్నారు. ప్రాణాపాయం సబ్బాతును తోసిపుచ్చుతుందన్న సూత్రం మిష్నాలోనూ ఉంది.

మృతసముద్రపు చుట్టలు 1947 ప్రాంతంలో తఆమిరా తెగకు చెందిన బదూ కాపరుల చేతికి మొదట చిక్కాయి. 1956 వరకు పదకొండు గుహల్లో తొమ్మిది వందలకు పైగా ప్రతుల అవశేషాలు దొరికాయి. వీటిలో ఈసా (అ) ప్రస్తావన ఉందనీ, యహ్యా (అ) అక్కడ పెరిగారనీ పత్రికల్లో ఎన్నో కథలు వచ్చాయి. అటువంటిదేదీ ఆ చుట్టల్లో లేదు. ఉన్నది చాలు. ‘మసీహ్’ కోసం నిరీక్షణ ఆ కాలంలో ఎన్ని రూపాల్లో ఉండేదో అవి చూపిస్తున్నాయి. ఆ వర్గంవారు ఇద్దరు అభిషిక్తుల కోసం, ఒకరు హారూన్ (అ) వంశపు యాజకుడు, మరొకరు ఇస్రాయీల్ నాయకుడు, ఎదురుచూశారు. ప్రజల్లో చాలామంది దావూద్ (అ) వంశపు రాజు కోసం చూస్తున్నారు. ఒకే మాట విన్న వందమంది దాన్ని వంద రకాలుగా అర్థం చేసుకోగల పరిస్థితి అది.

జెరూసలేం జమాఅత్

శిలువ విషయంలో ముస్లింల విశ్వాసం క్రైస్తవుల విశ్వాసానికి భిన్నం. ఆ చర్చ ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. ఆ తర్వాత జెరూసలేంలో మిగిలిన అనుచరులు ఏం చేశారన్నదే ప్రశ్న. ‘అపొస్తలుల కార్యములు’ ప్రకారం వారు ప్రతిదినం ఆలయానికి వెళ్ళేవారు. పేతురు, యోహాను పగటి తొమ్మిదవ గంట ప్రార్థనకు, అంటే సుమారు మధ్యాహ్నం మూడు గంటలకు, ఆలయానికి ఎక్కి వెళ్ళారని ఆ గ్రంథం 3వ అధ్యాయంలో ఉంది. అది ఆలయంలో సాయంకాలపు బలి అర్పించే వేళ. కొంతకాలానికి ఆ జమాఅత్ నాయకత్వం యాకోబు చేతికి వచ్చింది. ఇంగ్లీషులో ఈయన్ను ‘జేమ్స్’ అంటారు. ఆ పేరు వింటే ఎవరో ఐరోపావాడు గుర్తుకు వస్తాడు. తెలుగు బైబిలు అనువాదకులు ‘యాకోబు’ అనే ఉంచటం మంచి పని. పేరు వినగానే యాఖూబ్ (అ) సంతతివాడని తెలుస్తుంది. జోసీఫస్ ఈయన్ను ఈసా (అ) సోదరుడంటాడు. ‘సోదరుడు’ అంటే ఏ వరుస అన్నదానిపై క్రైస్తవ శాఖల్లోనే ఏకాభిప్రాయం లేదు.

సమస్య యూదేతరులతో మొదలైంది. రోమన్ సామ్రాజ్యపు నగరాల్లో సమాజమందిరాల చుట్టూ ఏకదైవారాధన పట్ల ఆకర్షితులైన అన్యజనులు ఉండేవారు. వారు విగ్రహాలను విడిచి మందిరానికి వచ్చేవారు, సున్నతి మాత్రం చేయించుకునేవారు కారు. వారికి ‘దైవభీతిపరులు’ అని పేరు. నేటి తుర్కియాలోని అఫ్రొడీసియాస్‌లో 1976లో బయటపడిన ఒక శాసనంలో, అది కొంత తర్వాతి కాలానిదే అయినా, యూదుల పేర్ల పక్కన ఈ బిరుదుతో యాభైకి పైగా పేర్లున్నాయి. పౌలు బోధ ఎక్కువగా చెవికెక్కింది ఇటువంటి వారికే. ఇప్పుడు ప్రశ్న వచ్చింది. వీరు విశ్వసిస్తే సున్నతి చేయించుకోవాలా, తౌరాత్ ఆజ్ఞలన్నీ పాటించాలా?

ఇక్కడ ఒక చిన్న విషయం. తెలుగు బైబిలులో ఈ ఆచారానికి వాడిన మాట ‘సున్నతి’. అరబీ ‘సున్నత్’ ముస్లింల వాడుక ద్వారా తెలుగులోకి వచ్చి, పౌలు లేఖల్లో కుదురుకున్నది. ఆ లేఖల్లో ఆ మాట మాటిమాటికీ వస్తుంది, ఎందుకంటే ఆ లేఖల్లోని పెద్ద తగాదా అదే.

క్రీ.శ. 49 ప్రాంతంలో జెరూసలేంలో పెద్దలు సమావేశమయ్యారు. యాకోబు తీర్పు ప్రకారం అన్యజనులపై సున్నతి భారం మోపలేదు. కాని వారు నాలుగు విషయాలకు దూరంగా ఉండాలన్నారు. విగ్రహాలకు అర్పించినది, రక్తం, గొంతు నులిమి చంపినది, జారత్వం. అల్ మాయిదా సూరా 3వ ఆయత్‌లో నిషేధించబడిన వాటిని ఎరిగిన వారికి ఇందులో మూడు వెంటనే గుర్తుకు వస్తాయి. ఇస్రాయీలీయుల మధ్య నివసించే పరదేశులకు తౌరాత్ విధించిన నియమాలే ఈ తీర్పుకు ఆధారమని పలువురు పండితుల అభిప్రాయం. యాకోబు కొత్త షరీఅత్‌ను కల్పించలేదు. ఉన్న షరీఅత్‌లో పరదేశికి ఉన్న స్థానాన్ని వెతికి చూపాడు.

అంతటితో తగాదా తీరలేదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేసేవాడు. యాకోబు వద్ద నుండి కొందరు రాగానే వెనుకకు తగ్గాడు. బర్నబా కూడా అతన్నే అనుసరించాడు. పౌలు అందరి ఎదుట పేతురును నిలదీశాడు. ఈ సంగతి పౌలే గలతీయులకు రాసిన లేఖలో చెప్పుకున్నాడు. కథను అతని నోటనే వింటున్నాము. పేతురు జవాబేమిటో ఏ గ్రంథమూ చెప్పదు. ముస్లిం రచనల్లో మొత్తం మార్పుకు పౌలు ఒక్కడినే బాధ్యుణ్ణి చేయటం పరిపాటి. అతని లేఖల్లోని విశ్వాస విషయాలు ఖుర్ఆన్ బోధకు విరుద్ధమన్న మాట నిజమే. కాని అతను తనను పరిసయ్యుడనీ, బెన్యామీను గోత్రికుడైన ఇస్రాయీలీయుడనీ చెప్పుకుంటూనే ఉన్నాడు. చివరిసారి జెరూసలేం వచ్చినప్పుడు యాకోబు సలహాపై నలుగురి మొక్కుబడి ఖర్చులు భరించి ఆలయంలో శుద్ధి జరిపించుకున్నాడు. ధర్మశాస్త్రం పట్ల ఆసక్తిగల విశ్వాసులు యూదుల్లో వేల సంఖ్యలో ఉన్నారని యాకోబు పక్షంవారు అతన్ని హెచ్చరించారు కూడా.

క్రీ.శ. 62లో జరిగిన సంఘటన అన్నిటికంటె ఎక్కువ చెబుతుంది. రోమన్ అధికారి ఫెస్తు చనిపోయాడు. కొత్త అధికారి అల్బీనస్ ఇంకా దారిలో ఉన్నాడు. ఈ సందులో ప్రధాన యాజకుడు అననస్, సద్దూకయ్యుడు, న్యాయసభను పిలిచి యాకోబును, మరికొందరిని ధర్మశాస్త్రం మీరారన్న నేరంపై రాళ్ళతో కొట్టించి చంపించాడు. ఈ విషయం చెప్పినవాడు క్రైస్తవుడు కాడు, జోసీఫస్. అతని గ్రంథంలో ఈసా (అ) గురించిన మరొక భాగంలో క్రైస్తవ లేఖకుల చేయి పడిందన్నది విద్వాంసులు ఒప్పుకున్నదే. యాకోబు గురించిన ఈ భాగాన్ని మాత్రం చాలామంది అసలైనదిగా అంగీకరిస్తారు. తర్వాత జరిగింది ముఖ్యం. నగరంలో న్యాయబుద్ధి గలవారు, ధర్మశాస్త్రంలో నిష్ఠ గలవారు దీనికి తీవ్రంగా నొచ్చుకున్నారు. కొందరు రహస్యంగా అగ్రిప్ప రాజుకు కబురు పంపారు. మరికొందరు అలెగ్జాండ్రియా నుండి వస్తున్న అల్బీనస్‌కు ఎదురువెళ్ళి ఫిర్యాదు చేశారు. మూడు నెలలకే అననస్ పదవి పోయింది. నిష్ఠగలవారు అంటే పరిసయ్యులేనని చాలామంది భావిస్తారు. ఈసా (అ) అనుచరుల నాయకుణ్ణి చంపితే, ఇది అన్యాయమని రాజు దగ్గరికీ రోమన్ అధికారి దగ్గరికీ వెళ్ళినవారు యూద ధర్మనిష్ఠులు! అప్పటికి ముప్పై ఏళ్ళు గడిచినా, వారి దృష్టిలో యాకోబు పరాయి మతస్థుడు కాడు.

తెగిన దారం

నాలుగేళ్ళకు, క్రీ.శ. 66లో, రోమ్‌పై తిరుగుబాటు ప్రారంభమైంది. 70లో టైటస్ సేనలు నగరాన్ని పట్టుకుని ఆలయాన్ని కాల్చివేశాయి. బలులు ఆగిపోయాయి. సద్దూకయ్యులకు ఆధారమే పోయింది. పరిసయ్యుల వారసులు సముద్రతీరానికి దగ్గరగా ఉన్న యవ్నెలో, యోహానాన్ బెన్ జక్కాయ్ నాయకత్వాన, ఆలయం లేకుండా తౌరాత్‌పై జీవించే మార్గాన్ని రూపొందించుకున్నారు. జెరూసలేం జమాఅత్ యుద్ధానికి ముందే యోర్దాను ఆవలి పెల్లా పట్టణానికి తరలిపోయిందని నాల్గవ శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. దీన్ని సందేహించేవారూ ఉన్నారు. ఆలయానికి పంపే అర షెకెల్‌ను ఇకపై రోమ్‌లోని జూపిటర్ గుడికి పన్నుగా కట్టాలని చక్రవర్తి శాసించాడు. ఈ అవమానకరమైన పన్ను, యూదుడెవడు, ఎవడు కాడు అన్న ప్రశ్నను ప్రభుత్వ కచేరీల్లోకి లాగింది. అన్యజనుల నుండి వచ్చిన విశ్వాసులకు తాము యూదులము కామని చెప్పుకునే లౌకిక అవసరం ఏర్పడింది.

రెండవ దెబ్బ హాడ్రియన్ కాలంలో పడింది. 132 నుండి 135 వరకు బర్ కొఖ్‌బా నాయకత్వాన జరిగిన తిరుగుబాటును అణచిన తర్వాత జెరూసలేం ఉన్నచోట ‘ఏలియా కాపిటోలినా’ అనే రోమన్ నగరం వెలిసింది. అందులో యూదులు అడుగుపెట్టరాదన్నారు. అంతవరకు జెరూసలేం సంఘానికి వరుసగా పదిహేనుమంది పెద్దలు సున్నతి పొందినవారే ఉన్నారనీ, ఆ తర్వాతనే మొదటిసారి అన్యజనుడు ఆ స్థానానికి వచ్చాడనీ యూసేబియస్ తెలుపుతాడు. హాడ్రియన్ పెట్టిన పేరు ఎంత గట్టిగా నిలిచిందంటే, అయిదు శతాబ్దాల తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) కాలపు అభయపత్రం గురించిన కథనాల్లో అక్కడివారిని ‘ఈలియా’ ప్రజలనే పేర్కొన్నారు.

అయినా దారం ఒక్కసారిగా తెగలేదు. 325లో నికయా సభ ఈస్టర్ పండుగను యూదుల లెక్కతో సంబంధం లేకుండా నిర్ణయించమన్నది. 386, 387 సంవత్సరాల్లో అంతియొకయలో జాన్ క్రిసోస్టమ్ అనే ప్రసంగీకుడు యూదుల పండుగలకు, సమాజమందిరాలకు వెళుతున్న క్రైస్తవులను దుర్భాషలాడుతూ వరుస ప్రసంగాలు చేశాడు. వెళ్ళేవారే లేకపోతే అన్ని ప్రసంగాలు దేనికి?

ధర్మశాస్త్రాన్ని విడువని ఈసా (అ) అనుచరులను చర్చి రచయితలు ‘ఎబియోనీయులు’, ‘నజరీయులు’ అనే పేర్లతో పేర్కొన్నారు. క్రీ.శ. 180 ప్రాంతంలో ఐరేనియస్ రాసినదాని ప్రకారం ఎబియోనీయులు సున్నతిని పాటిస్తారు, పౌలును ధర్మభ్రష్టుడంటారు, జెరూసలేంను దైవగృహంగా భావించి ఆరాధనలో దాన్ని గౌరవిస్తారు. ఇది చదవగానే వీరే ఆనాటి ముస్లింలని తేల్చివేయాలన్న ఉత్సాహం కలుగుతుంది. తొందరపడకూడదు. అదే ఐరేనియస్, వీరు ఈసా (అ)ను యూసుఫ్ అనే పురుషుని కుమారునిగా భావిస్తారని కూడా అంటాడు. తండ్రి లేకుండా మర్యమ్ (అ)కు ఆయన జన్మించారన్న ఖుర్ఆన్ వాక్కుకు ఇది విరుద్ధం. వీరిలో కన్యాజననాన్ని ఒప్పుకునేవారు, ఒప్పుకోనివారు అని రెండు రకాలున్నారని మూడవ శతాబ్దపు ఆరిజెన్ చెబుతాడు. వీరి గురించి తెలిసినదంతా వీరి ప్రత్యర్థుల ద్వారా తెలిసినదే.

‘బర్నబా సువార్త’ విషయంలో ఇంతకంటె ఎక్కువ జాగ్రత్త అవసరం. ముస్లింలలో దానికి గల ప్రచారం పెద్దది. లభ్యమైన దాని ఇటాలియన్ ప్రతి 16వ శతాబ్దం చివరిది. అందులో ఈసా (అ) పడవ ఎక్కి నజరేతు చేరుతారు. నజరేతు కొండల మధ్య ఉన్న ఊరు. యాభై ఏళ్ళకు ఒకసారి వచ్చే యూదుల మహోత్సవ సంవత్సరం అందులో నూరేళ్ళకు ఒకసారి వస్తుంది. అన్నిటికంటె ముఖ్యంగా, తాను మసీహ్ కానని ఈసా (అ) చేత అది పలికిస్తుంది. ఖుర్ఆన్ ఆయన్ను మసీహ్ అనే పేర్కొంటున్నది. మొదటి శతాబ్దపు యూద సమాజాన్ని ఎరిగిన వ్యక్తి రాసిన పుస్తకం అది కాదు.

ముస్లిం గ్రంథాల్లో నిజంగా పరిశీలించదగినది మరొకటి ఉంది. ముతజలీ పండితుడు, రయ్ నగరపు ప్రధాన ఖాజీ అబ్దుల్ జబ్బార్ (మరణం హి. 415, క్రీ.శ. 1025) హి. 385 ప్రాంతంలో ‘తస్బీతు దలాయిలిన్ నుబువ్వ’ అనే గ్రంథం రాశారు. ఈసా (అ) సున్నతి, శుద్ధి, ఉపవాసం, పంది మాంస నిషేధం అన్నీ పాటించారనీ, బైతుల్ మఖ్దిస్ వైపు తిరిగి ప్రార్థించారనీ, తర్వాతి వారు వాటిని విడిచి రోమీయుల ఆచారాల్లో కలిసిపోయారనీ అందులో విపులంగా చర్చించారు. ఆ భాగం అంత సూక్ష్మంగా ఉండటానికి కారణం, ధర్మశాస్త్రాన్ని పాటించిన ప్రాచీన యూద క్రైస్తవుల రచన ఏదో ఖాజీగారి చేతికి అందటమేనని 1966లో ష్లోమో పీనెస్ అనే యూద విద్వాంసుడు ప్రతిపాదించారు. మరొక విద్వాంసుడు ఎస్. ఎం. స్టెర్న్ వెంటనే దాన్ని ఖండించారు. అటువంటి వర్గం అంతకాలం బ్రతికి ఉందనటానికి వేరే సాక్ష్యం కావాలన్నది పీనెస్‌ను ఒప్పుకోని వారి పట్టు. వాదన ఇస్తాంబుల్‌లో ఉన్న ఒక అరబీ రాతప్రతి మీద నడిచింది. అందులోని విషయం మాత్రం, అననస్ రాళ్ళ కింద చనిపోయిన యాకోబు తన జమాఅత్‌కు ఏది విడువవద్దన్నాడో అదే.